వేలు మందం

ఇరవై మూడు, అంటోంది మైకు. మాది నలభై ఒకటి. ఇంకా గంట పడుతుందని పక్కన కూర్చున్నాయన నేను అడక్కుండానే చెప్పాడు. బస్సు నడిపి రిటైరయ్యాడట, కోడలు కారు లైసెన్సు పరీక్షకి వస్తే తోడొచ్చాడట. నా కూతురు కళ్ళ పరీక్షకీ కాగితాల మీద సంతకాలకీ లోపలికి వెళ్ళింది. వెళుతూ తాళంచెవి నా చేతికిచ్చి, హెల్మెట్ ఒళ్ళో పెట్టి, బండి చూస్తూ ఉండమ్మా అంది. చూస్తూనే ఉన్నాను. రేకుల షెడ్డు నీడలో, నీలం రంగు, నిలబడి ఉన్నా ముందుకి దూకబోతున్నట్టే ఉండే బండి. దాని మీద నా చూపు ఎక్కడ పడ్డా జారి జారి సీటు మీదకే వస్తోంది. ఆ సీటు విప్పి మళ్ళీ బిగించింది నేను. దాని కింద ఏముందో ఈ షెడ్డులో ఉన్న యాభై మందిలో నాకొక్కదానికే తెలుసు.

"ఆ బండి మీ అమ్మాయిదా అమ్మా?" అన్నాడు బస్సాయన. అవునండి అన్నాను. "కాళ్ళు అందుతాయా?" అందుతాయండి అన్నాను. ఆయన బండిని కింది నుంచి పైకి చూసి, "మనిషి చూస్తే గుప్పెడు లేదు" అన్నాడు. తిట్టినట్టేం కాదు, ముచ్చటగానే అన్నాడు, కానీ ఆ మాట వినగానే ఒళ్ళో హెల్మెట్ బరువెక్కింది. గుప్పెడు అని పిలిచింది వాళ్ళ నాన్న. పుట్టినప్పుడు నర్సు చేతుల్లోంచి అందుకుని, ఏమే, గుప్పెడే ఉంది కదే, నీ పోలికే అన్నాడు. అప్పటినుంచీ అదే పేరు. గుప్పెడూ, ఆ సుత్తి ఇటియ్యి. గుప్పెడూ, అన్నం తిన్నావా. బళ్ళో వరసలో మొదట నిలబెడతారు, ఫొటోలో కూర్చోబెడతారు, పెరుగుతుందిలే అని అందరూ అన్నారు, పదిహేనేళ్ళకి అక్కడే ఆగింది. నా భుజానికి దాని భుజం సరిగ్గా సమానం. ఇంట్లో పై అరలో ఏం పెట్టినా మా ఇద్దరికీ అందదు కాబట్టి పై అరలో ఏమీ ఉండదు.

ఆయనకి సీట్లు కుట్టే కొట్టు ఉండేది. కొట్టంటే ఒక షట్టరు, ఒక మిషను, గోడకి వేలాడే రెగ్జిన్ చుట్టలు, మూల స్పాంజి దిమ్మలు. పొడుగువాళ్ళు వచ్చి మోకాళ్ళు నొప్పులండీ అంటే ఎత్తు పెంచేవాడు, పొట్టివాళ్ళు వచ్చి మాట మింగుతూ నిలబడితే ఆయనే అర్థం చేసుకుని, తొడల దగ్గర కోసేద్దాం, పైన ముట్టుకోను, ఎవరికీ తెలీదు అనేవాడు. సీటు దించడమంటే పైన కోయడం కాదని నాకు నేర్పింది ఆయనే. ముందు భాగంలో అటూ ఇటూ అంచులు సన్నం చేస్తే కాళ్ళు ఎడం కాకుండా తిన్నగా దిగుతాయి, అదే సగం ఎత్తు తగ్గించినట్టు. కోయడం అయ్యాక ప్రతి స్పాంజి అడుగునా నల్ల పెన్నుతో రాసేవాడు, ఎవరి సీటు, ఎంత తీశాం, ఎంత పెట్టాం, ఏ రోజు. ఎందుకండీ, కవరు బిగించేస్తే ఎవరికి కనబడుతుంది అని అడిగాను ఒకసారి. రేపు ఎవడో విప్పుతాడే, వాడికి తెలియాలిగా అన్నాడు. విప్పినవాడు మనల్ని తిట్టుకోకూడదు, అంతే. నేను మిషను ముందు కూర్చుని ఆ నల్ల గీతల్ని చూసేదాన్ని, నాకు అవి చీమల బారులాగే ఉండేవి. చదువు రాదు. ఆయన పోయాక గానీ దానికి సిగ్గుపడే అవసరం రాలేదు.

ఆయన మధ్యాహ్నం రెండింటికి కొట్టులోనే పోయాడు, గుండె. పది రోజుల తరువాత జనం వాళ్ళ సీట్ల కోసం వచ్చారు. గోడవార పదకొండు సీట్లు, అడుగున పదకొండు పేర్లు, ఒక్కటీ నాకు తెలీదు. తెలీదని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. తెలిసినట్టే మొహం పెట్టి ఇచ్చేశాను. ఆరడుగుల కానిస్టేబుల్ సీటు పోస్టుమేన్‌కి పోయింది, పోస్టుమేన్‌ది ఆయనకి పోయింది. రెండో రోజు పోస్టుమేన్ బండి నెట్టుకుంటూ వచ్చి, అమ్మా, ఎక్కగలుగుతున్నాను గానీ దిగలేకపోతున్నానమ్మా అన్నాడు. గుప్పెడుకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ సీటు తిరగేసి గట్టిగా చదివింది. అందరూ వెళ్ళాక తలుపు దగ్గరకి వేసి, ఒక స్పాంజి ముక్క మీద నల్ల పెన్నుతో రెండక్షరాలు రాసి, ఇది చదువు అంది. రాదే అన్నాను. ఇది నువ్వే అంది. అమ్మ. అలా మొదలైంది నా చదువు. పలక లేదు, పుస్తకం లేదు, స్పాంజి ముక్కలే. స్పాంజి మీద పెన్ను తిన్నగా నడవదు, దిగబడుతుంది, అందుకే నా అక్షరాలు ఇప్పటికీ కాగితం మీద కూడా దిగబడినట్టే ఉంటాయి. దిగబడితే దిగబడ్డాయి, అబద్ధం రాయకు చాలు అనేది, వాళ్ళ నాన్న గొంతుతో.

ఇరవై ఎనిమిది. ఎవరో కుర్రది స్కూటరు మీద ఎనిమిది అంకె తిరుగుతోంది. బస్సాయన కాళ్ళు చాపుకుని, బరువు లేని బండి ఎవరైనా తిప్పుతారు, ఇదిగో ఆ వాలు దగ్గర చూడాలి అంటున్నాడు. వాలు నాకు తెలుసు. నేల అక్కడ చిన్న గుట్టలా లేస్తుంది, మధ్యలో తెల్లగీత, గీత మీద ఆపి మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలవాలి. పోయినసారి అక్కడే పోయింది. అందకుండా చేసిన కాళ్ళతో ఎలా నిలబడుతుంది.

ఈ బండి కోసం అది ఎంత లెక్క వేసుకుందో. ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే ల్యాబు ఉద్యోగం దానిది, ఐదేళ్ళు నాన్న పాత గేర్లులేని స్కూటరు మీదే తిరిగింది, ఉన్న లైసెన్సు దానికే పనికొస్తుంది. ఒకరోజు చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం పైదాకా ఇరికించి, అమ్మా గీత గియ్యి అంది. గీశాను. టేపు పెట్టి కొలిచి, ఇదీ నా కాలు అని నవ్వింది. కాగితం నిండా బళ్ళ పేర్లు, ఎదురుగా ఎత్తు, బరువు. షోరూంలో మొదట ఎక్కించిన బండి కాగితంలో అన్నిటికన్నా పొట్టిది, కానీ సీటు ముందు చాపలా వెడల్పు, దాని కాళ్ళు రెండూ గాల్లో ఉన్నాయి. ఈ నీలంది కాగితంలో పొడుగే, కానీ సీటు ముందు సన్నగా గుర్రం మెడలా ఉంది, మునివేళ్ళు రెండూ నేలకి తగిలాయి. చూశావా అమ్మా, ఎత్తు ఒక్కటే కాదు అని నా వంక చూసింది, నువ్వు నేర్పిందేగా అన్నట్టు. వెనక స్ప్రింగు దగ్గర ముక్క మార్చి బండినే కిందకి దించేయొచ్చు అని షోరూం మేనేజరంటే ఒప్పుకోలేదు. అప్పుడు స్టాండు పొడుగైపోతుంది సార్, బండి నిటారుగా నిలబడుతుంది, లారీ గాలికి పడిపోతుంది, సీటు మా అమ్మ చూసుకుంటుంది అంది. మేనేజరు టై సర్దుకుని, మేడమ్, స్కూటర్లలో గులాబీ రంగు కూడా ఉంది అన్నాడు. వెనక నిలబడ్డ ఇంకో ఆయన, దీనికి స్టూలు ఫ్రీగా ఇద్దాం సార్ అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో. నలుగురూ నవ్వుతుంటే నవ్వకపోతే ఆ పొట్టిదాని తల్లిని నేనేనని తెలిసిపోతుందన్నట్టు నవ్వాను. అది బండి మీదే ఉంది, వెనక్కి తిరగలేదు, బండి అద్దంలో మాత్రం దాని కళ్ళు నన్ను చూశాయి. ఒక్కక్షణం. తరువాత అదే తాళం తిప్పి హారన్ కొట్టి, ఇదే ఇవ్వండి అంది.

దారిలో, ఎందుకే నీకంత బండి అన్నాను. వంగి కూర్చుంటామమ్మా, అక్కడ అందరూ ఒకటే ఎత్తు అంది.

బండి వచ్చినరోజే సీటు విప్పి నా బల్ల మీద పెట్టి, నీ ఇష్టం వచ్చినంత కోసెయ్ అని ల్యాబుకి వెళ్ళిపోయింది. కోసే కత్తి తీశాను. నూరాను. అంచు మీద గీత కూడా పెట్టుకున్నాను. అప్పుడు కళ్ళ ముందుకి అది వచ్చింది, ఆ బండి మీద వెళ్ళిపోతూ, వీపు మాత్రమే కనబడుతూ. భయం అని చెప్పుకున్నాను. తల్లిని కదా, భయమే అని మూడు నెలలుగా చెప్పుకుంటున్నాను. భయమైతే నోటితో చెప్పేదాన్ని, వద్దే అనేదాన్ని, అది కోప్పడేది, నేను ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి అయ్యేది. అది కాదు. నా తొమ్మిదో ఏట అన్నయ్య సైకిలు అడ్డకర్ర కింద కాలు దూర్చి వీధి చివరదాకా తొక్కాను. మా అమ్మ పరిగెత్తుకొచ్చి, రెక్క పట్టుకుని, అందరూ చూస్తుండగా కిందకి లాగింది. మళ్ళీ ఎక్కలేదు. నన్ను దించింది ఎవరో, ఎందుకు దించిందో నాకు తెలుసు, ఇన్నేళ్ళూ తిట్టుకోవడానికి ఒక మొహం ఉంది. నా కూతురికి నేను అదీ లేకుండా చేశాను. కత్తి పక్కన పెట్టి, గట్టి స్పాంజి పలక ఒకటి వేలు మందాన తీసి, సీటు ఆకారానికి కత్తిరించి, అసలు స్పాంజికీ అడుగు ప్లాస్టిక్కుకీ మధ్య పెట్టి, కవరు లాగి పిన్నులు కొట్టేశాను. జిగురు కూడా రాయలేదు. అడుగున ఏమీ రాయలేదు. ఆ కొట్టులోంచి ఏమీ రాయకుండా బయటికి వెళ్ళిన సీటు అదొక్కటే. సాయంత్రం అది వచ్చి ఎక్కి, కాళ్ళు చాచి, ఇంకా చాచి, ఎంత తీశావమ్మా అంది. వేలు మందం అన్నాను. మరి షోరూంలోనే ఎక్కువ అందాయి కదా అంది. ఆ రోజు మందపాటి అడుగున్న బూట్లు వేసుకున్నావు, కొత్త స్పాంజి కదా, కూర్చోగా కూర్చోగా అణుగుతుందిలే అన్నాను. సరే అంది. నా చేతి పని మీద అది ఎప్పుడూ రెండో ప్రశ్న వేయలేదు.

పదిరోజుల్లో మానేస్తుందనుకున్నాను. మూడోరోజు పెద్ద సిగ్నల్ దగ్గర పడింది. నేల కుడివైపుకి వాలి ఉందట, కుడికాలు దించితే నేల రాలేదట. మెట్టు ఉందనుకుని దిగితే లేనట్టు, అంది. అద్దం పోయింది, చీలమండ కుండలా వాచింది, ఎవరో బండి లేపి, ఇంత బండి నీకెందుకమ్మా అన్నారట. నేను ఉప్పు వేసిన వేడినీళ్ళలో దాని పాదం పెట్టి తుడుస్తుంటే, నా కాళ్ళదే తప్పులే అంది. నవ్వుతూనే అంది. నీ పోలిక కదా, నిన్నే అనాలి అంది. ఆ పాదం నా చేతిలో ఉంది. చెప్పొచ్చు. నీళ్ళు చల్లారిపోయాయి, ఇంకో చెంబు తెస్తానని లేచి వెళ్ళాను.

మానలేదు. వాపు తగ్గకముందే మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే మూసేసిన గిడ్డంగి ముందు ఖాళీ స్థలంలో, ఆపడం, కదలడం, ఆపడం. ఒక్క కాలే దించాలమ్మా, రెండూ అక్కర్లేదు. ఆగేముందు నడుము ఎడమకి జరపాలి, సగం సీటు మీద సగం గాల్లో, అప్పుడు ఎడమపాదం అందుతుంది. ఆగబోయే చోటు నేల ఎటు వాలిందో ముందే చూసుకోవాలి. ఇవన్నీ అన్నం తింటూ చెప్పేది. కిందపడ్డ మనిషిలా చెప్పేది కాదు, ఏదో కనిపెట్టినట్టు చెప్పేది. నేను కంచంలోకి చూసుకుంటూ వినేదాన్ని. మొదటి పరీక్షలో వాలు మీద తూలి గీత దాటింది. ఆ రోజు ఇంటికొచ్చి బండికి గుడ్డ కప్పి, ఇంకొక్కసారి చూస్తానమ్మా, ఈసారి కూడా పోతే అమ్మేస్తా, కొన్ని కొందరి కొలతకి కావేమో అంది. నేను కోరుకున్న మాట అదే. మూడు నెలలు ఎదురుచూసిన మాట. విన్నాక గుడ్డ అంచు ఎత్తి సీటు వంక చూశాను.

ముప్పై ఒకటి. కాళ్ళ దగ్గర నా సంచి ఉంది. అందులో బోల్టులు విప్పే ఎల్ కీ, పట్టుకారు, పిన్నులు కొట్టే గన్ను, నల్ల పెన్ను. పొద్దున్న నేను విడిగా ఆటోలో బయల్దేరుతూ వీటిని ఎందుకు వేసుకుంటున్నావని ఎవరైనా అడిగుంటే ఏం చెప్పేదాన్నో. చేతులు వేశాయి, నేను చూశాను. పావుగంట పని. రెండు బోల్టులు, వెనక వైపు పిన్నులు, పలక లాగితే వచ్చేస్తుంది, అందుకేగా జిగురు రాయలేదు, లేక అది కూడా ఇప్పుడు కల్పించుకుంటున్నానా. తీసేసి, సంచిలో అడుక్కి తోసేసి, బిగించేస్తే, అది వచ్చి ఎక్కుతుంది, కాళ్ళు అందుతాయి, వాలు మీద నిలుస్తుంది, కొత్త స్పాంజి చివరికి అణిగిందమ్మా అంటుంది. నేను అవునే అంటాను. అంతా సర్దుకుంటుంది. లేచాను. బస్సాయన, ఏంటమ్మా, రిపేరా అన్నాడు. సీటు కుట్టేదాన్నండి, చిన్న పనుంది అన్నాను. బోల్టులు వదులయ్యాయి. పిన్నులు ఒక్కొక్కటే టిక్కు టిక్కుమని ఊడుతున్నాయి. పలక బయటికి లాగాను. బూడిద రంగు, ఒక్క అక్షరం లేకుండా, అది కూర్చునే బరువుకి మధ్యలో కొంచెం నొక్కుకుని ఉంది. ఆ నొక్కు చూశాను. మూడు నెలలు ఆ పిల్ల ఆ నొక్కు మీద కూర్చుని తన కాళ్ళని తిట్టుకుంది. సంచి నోరు తెరిచే ఉంది. పలక అందులోకి పోలేదు. నేను తోయలేదు. బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను, హెల్మెట్ పక్కన, ఎవరికైనా కనబడేట్టు.

ముప్పై ఆరు దగ్గర వచ్చింది. చేతిలో కాగితాలు. సీటు లేని బండిని చూసింది, నన్ను చూసింది, నా ఒళ్ళోకి చూసింది. పలక తీసుకుని, వాళ్ళ నాన్నలాగే బొటనవేలితో ఒక మూల నొక్కి వదిలింది.

"ఎంత?"

"వేలు మందం."

"తీశానన్నావు."

 బస్సాయన లేచి, నీళ్ళు తాగొస్తానని ఎవరికో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు. అది తన బూట్ల వంక చూసుకుంది, చాలాసేపు. సిగ్నల్ గుర్తొస్తోందని నాకు తెలుసు. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండు.

"ఎందుకు?"

"వద్దని చెప్పలేక."

"ఒక్క మాట అమ్మా," అంది. "ఒక్క మాట అనేదానివి కదా."

ముప్పై ఏడు అన్నారు. కాగితాలు నా పక్కన పెట్టి, పలక నా ఒళ్ళోకి తోసింది. "పెట్టెయ్."

"తీసేస్తే అందుతాయే, ఇప్పుడైనా..."

"మూడు నెలలు దీని మీద ఆగడం నేర్చుకున్నా. ఇప్పుడు తీస్తే నడుము ఎంత జరపాలో, కాలు ఎప్పుడు దించాలో అంతా మారిపోతుంది. వాలు మీదకెళ్ళి కొత్తగా నేర్చుకోమంటావా? ఎలా ఉందో అలా పెట్టెయ్."

వంగి సీటు తీసుకున్నాను. అది కవరు పట్టుకుంది, చిన్నప్పుడు కొట్టులో పట్టుకున్నట్టే రెండు చేతులతో బిగలాగి. పలక లోపలికి జరపబోతుంటే, ఆగు అంది. తిరగేసి చూసింది.

"దీని మీద ఏమీ రాయలేదే."

సంచిలోంచి నల్ల పెన్ను తీసి, మూత తీసి, నాకిచ్చింది. "రాయి."

ముప్పై ఎనిమిది. స్పాంజి మీద పెన్ను దిగబడుతోంది. మా అమ్మాయి సీటు అని రాశాను. వేలు మందం పెంచాను అని రాశాను. ఆపాను. పెన్ను వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. తీశానని చెప్పాను, అని రాశాను. తేదీ వేశాను, ఈరోజుది కాదు, ఆరోజుది. అది తల వంచి మొత్తం చదివింది, చదివేటప్పుడు పెదాలు కదలలేదు, నాకైతే ఇప్పటికీ కదులుతాయి. "ఎవరు పెంచారో లేదు" అంది. నా మొదటి రెండక్షరాలు, దానికి పన్నెండేళ్ళప్పుడు ఇలాంటి ముక్క మీదే రాసి, ఇది నువ్వే అని చెప్పినవి, ఒక మూల రాశాను. ఇన్నేళ్ళలో ఆ మాట రాయడానికి నాకంత సమయం ఎప్పుడూ పట్టలేదు. అది చూసి, కవరు లాగి పట్టుకుంది. పిన్నులు కొట్టాను. బోల్టులు బిగించాను. నలభై ఒకటి.

ఎనిమిది అంకె నేను చూడలేదు. నేల చూస్తున్నాను. వాలు ఎక్కే చప్పుడు వినబడ్డాక తలెత్తాను. గీత దగ్గరికి రాకముందే దాని నడుము ఎడమకి జరిగింది, ఎవరో పిలిస్తే పక్కకి తిరిగినంత తేలిగ్గా. ఎడమపాదం దిగింది, మునివేళ్ళు మాత్రమే, మడమ గాల్లోనే. ఒకటి. బండి అంత బరువూ ఆ నాలుగు వేళ్ళ మీద. రెండు. నేను నా చెప్పుల్లో వేళ్ళు నేలకి నొక్కి పెట్టుకున్నాను. మూడు. పరీక్ష చేసేవాడు చేయి ఊపాడు. వెనక నిలబడ్డ బస్సాయన, అమ్మాయి గట్టిదేనమ్మా, ఎవరు నేర్పారు అన్నాడు. తనే నేర్చుకుందండి అన్నాను. ఆ రోజు ఎవరూ నిలదీయకుండా నేను నోటితో చెప్పిన నిజం అదొక్కటే.

బయటికి వచ్చి కాగితం జేబులో పెట్టుకుని, ఎక్కు అంది.  వెనక సీటు ఇంకా ఎత్తు, గట్టు మీద నిలబడి ఎక్కాల్సి వచ్చింది, అది చేయి ఇవ్వలేదు, కానీ నేను ఎక్కేదాకా బండి కదలకుండా పట్టుకుంది. దారి పొడుగునా దాని వీపే కనబడుతోంది. ఎక్కడ పట్టుకోవాలో తెలియక నా సంచినే పట్టుకున్నాను. పెద్ద సిగ్నల్ వచ్చింది. ఎర్రలైటు. నేల కుడివైపు వాలి ఉంది, అది చెప్పినట్టే. బండి నెమ్మదించగానే నాకు తెలియకుండానే నా కుడికాలు దిగింది, ఆపుదామని, పడకుండా ఆపుదామని, చాచాను, ఇంకా చాచాను, నేల రాలేదు. మెట్టు ఉందనుకుని దిగితే లేనట్టు.  బండి మాత్రం ఊగలేదు, ఎడమవైపు దాని మునివేళ్ళ మీద నిలబడి ఉంది.

"కాలు పైన పెట్టుకో," అంది, వెనక్కి తిరక్కుండా. అద్దంలో దాని కళ్ళు లేవు, హెల్మెట్ గాజు మాత్రమే ఉంది. "ఇద్దరం దించితే పడిపోతాం."

పైన పెట్టుకున్నాను.